మోకాళ్ళ మాత్ర

వీధిలో అందరూ ఆయన్ని సగం డాక్టరు అనేవాళ్ళు. మందుల షాపు కౌంటరు వెనక జీవితమంతా నిలబడి నిలబడి, మోకాళ్ళు అరిగాక ఇంటిపట్టున ఉండిపోయిన మనిషి. ఆయన షాపు మానేసినా అలవాటు ఆయన్ని వదల్లేదు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు ఆగి తమ ఇంట్లో దగ్గు గురించో, కడుపునొప్పి గురించో చెప్పుకునేవారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, వయసెంతో బరువెంతో అడిగి, ఆ తరవాతే మాత్ర పేరు చెప్పేవాడు. "సగం డాక్టర్నే కదా, అందుకే ఫీజు కూడా లేదు" అని తనే నవ్వేవాడు.

ఆ ఇంట్లోకి కుక్కను తెచ్చింది కోడలు. ఆవిడ కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. పరుగుపందాల్లో ఇక పనికిరాదని తీసేసిన గ్రేహౌండును, ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా అంటే, మొగుడికి రెండు నెలలు నచ్చజెప్పి మరీ తెచ్చుకుంది. మొదటిరోజు అది గుమ్మంలో నిలబడి, గచ్చు నునుపుకి భయపడి ఒక కాలు పైకెత్తి అలాగే ఉండిపోయింది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. నడుము పిడికిట్లో పట్టేలా ఉంది.

"ఇది కుక్కేనా అమ్మా? నిలబెట్టిన పుల్లలా ఉందే" అన్నాడు పెద్దాయన.

ఆ పేరే ఖాయమైపోయింది. పుల్ల.

కోడలు దాని గురించి తెలుసుకోని విషయం లేదు. ఒంటిమీద కండ తప్ప కొవ్వుండదు కాబట్టి చలికి ఆగలేదని దుప్పటి గుడ్డతో చొక్కా కుట్టింది. మోచేతులు ఒరుసుకుని పుళ్ళు పడతాయని మెత్తటి పరుపు వేసింది. ఈ జాతికి పళ్ళు తొందరగా పాడవుతాయట, రోజూ బ్రష్షు పట్టుకుని దాని ముందు మోకాళ్ళ మీద కూర్చునేది. "ఎవరికి నవ్వి చూపించాలమ్మా ఇది?" అని ఆయన వేళాకోళమాడేవాడు. దాన్ని వీధిలోకి తీసుకెళ్తే ప్రతివాళ్ళూ "తిండి పెట్టట్లేదా పాపం" అని కోడల్నే నిలదీసేవారు. దాని ఒళ్ళే అంతండీ అని చెప్పి చెప్పి ఆవిడ నోరు నొప్పెట్టేది.

పగలంతా కొడుకూ కోడలూ పనికి పోతే ఇంట్లో మిగిలేది పెద్దాయనా, పుల్లా. పెద్దాయన భార్య పోయి చాలా కాలమైంది. మాట్లాడే మనిషి లేక ఆయన మొదట్లో పేపరు పైకి చదువుకునేవాడు. పుల్ల వచ్చి ఆయన తొడకి ఒంటి బరువంతా ఆనించి నిలబడటం మొదలుపెట్టాక, పేపరు దానికి చదివి వినిపించడం మొదలైంది. సాయంత్రాలు ఇద్దరూ వీధి చివరిదాకా నడిచేవారు. అది ఆయన మోకాళ్ళ వేగానికి తన కాళ్ళను అణచుకుని నడిచేది.

అలా నడుస్తుండగానే ఒకరోజు పుల్ల ముందుకాలు కుంటడం చూశాడు. తారురోడ్డు మీద కుంటింది. ఇంటికొచ్చి కోడలికి చెప్తే, "ఆదివారం పశువుల డాక్టరమ్మకి చూపిద్దాం మావయ్యా, అప్పటిదాకా తిప్పకండి" అంది.

దీనికి డాక్టరెందుకు అనుకున్నాడు ఆయన. పరుగులు తీసి తీసి కీళ్ళు అరిగాయి, అంతే కదా. తన మోకాళ్ళకి ఏమైందో దీనికీ అదే అయింది. మర్నాడు వాళ్ళిద్దరూ వెళ్ళిపోయాక, తన మాత్రల డబ్బాలోంచి మోకాళ్ళ మాత్ర తీసి సగానికి విరిచి, ఉడికించిన గుడ్డులో దోపి పుల్లకి పెట్టాడు. బరువు చూసే వేశాడు. మనిషి లెక్కన చూస్తే అది పిల్లాడి మోతాదుకి కూడా తక్కువే.

సాయంత్రానికి అది బాగానే నడిచింది. ఆయన ఛాతీ జానెడు పెరిగింది. మర్నాడూ పెట్టాడు. ఆ మర్నాడూ. ఆదివారం వచ్చేసరికి కోడలు "ఇవాళ కుంటట్లేదే!" అని ఆశ్చర్యపోయి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం వాయిదా వేసింది.

"నడిపించే చేతిని బట్టి ఉంటుందమ్మా" అన్నాడు ఆయన. ఆ మాటంటున్నప్పుడు ఎంత హాయిగా ఉందో తరవాత తలుచుకుంటే అంత అసహ్యమేసింది.

తరవాతి వారంలో పుల్ల తిండి మానేసింది. ముందు వాంతులు. తరవాత విరేచనం తారులా నల్లగా. కోడలు దాని పెదవి ఎత్తి చూసి, "చిగుళ్ళు తెల్లగా ఉన్నాయేంటి" అని కంగారుపడి మొగుడికి ఫోను చేసింది. ముగ్గురూ కలిసి దాన్ని కారులో పడుకోబెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళారు.

ఫినాయిల్ వాసన కొట్టే చిన్న గది. మధ్యలో స్టీలు బల్ల. దాని మీద పుల్ల కాళ్ళు కదపకుండా పడుకుంది. డాక్టరమ్మ వయసులో చిన్నది, మాటలు పొదుపు. రక్తం తీసి లోపలికెళ్ళి వచ్చింది.

"వేరే కుక్కకైతే ఈ రక్తం సరిపోయిందనే అంటాను. ఈ జాతికి మామూలుగానే రక్తం చిక్కగా, ఎక్కువగా ఉంటుంది. కాబట్టి దీనికిది తక్కువే. లోపలెక్కడో కారుతోంది" అంది. తరవాత ముగ్గురి వంకా చూసి, "ఈమధ్య మందులేమైనా వేశారా?" అని అడిగింది.

పెద్దాయన నోరు తెరిచాడు. కోడలు తల అడ్డంగా ఊపుతూ, "లేదండీ, ఏమీ వెయ్యలేదు" అనేసింది. డాక్టరమ్మ చూపు ఆయన మీదికి తిరిగింది.

"మీరేమైనా, సార్? పగలు మీ దగ్గరే ఉంటుందట కదా."

"లేదు, లేదు" అన్నాడు ఆయన. రెండుసార్లు అన్నాడు.

ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలీదు. కౌంటరు దగ్గర నిలబడి ఎంతమందిని గదమాయించాడు! ఏం మింగావో దాచకుండా చెప్పు, దాస్తే చచ్చేది నువ్వే అని. ఇప్పుడు తేలు కుట్టిన దొంగలా గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"కొత్తగా ఏదైనా తిండి పెట్టారా?" అంది డాక్టరమ్మ.

కోడలి మొహం పాలిపోయింది. "పళ్ళకి మంచిదని నమిలే ఎముక కొన్నానండీ. పోయిన వారం నుంచి ఇస్తున్నాను."

"అదిగో!" అన్నాడు కొడుకు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్వైజరు, ఎక్కడ లోపముందో కనిపెడితే ఇక ఆగడు. "ఫోన్లో ఏది కనిపిస్తే అది చేసెయ్యడమే. ఎముకలు గుచ్చుకుంటాయని చిన్నపిల్లలకి కూడా తెలుసు. అడిగావా ఎవర్నైనా? ఇంట్లో నాన్న ఉన్నాడు, మందుల గురించి తెలిసిన మనిషి, ఆయన్నైనా అడిగావా?"

కోడలు పుల్ల చెవి ఒకటి వెనక్కి మడతపడి ఉంటే దాన్ని సరిచేస్తూ నిలబడింది. కళ్ళలోంచి నీళ్ళు స్టీలు బల్ల మీద పడ్డాయి. పెద్దాయన తన చెప్పుల వంక చూసుకున్నాడు.

ఎముక ముక్క గుచ్చుకుందేమో ఎక్స్‌రేలో తేలలేదు. రక్తం ఇలాగే పోతుంటే మత్తిచ్చి కడుపు కోసి చూడాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. "వీటికి కొవ్వుండదు కాబట్టి మత్తు తొందరగా దిగదు. ఉన్న నీరసానికి అదో ప్రమాదం. రేపటిదాకా చూద్దాం" అని పుల్లను అక్కడే ఉంచుకుంది.

మర్నాడు పొద్దున పెద్దాయన ఇంట్లో ఉండలేకపోయాడు. ఖాళీ పరుపు వంక చూడలేకపోయాడు. పార్కు దాకా నడిచి బెంచీ మీద కూర్చుని, ఆసుపత్రికి ఫోను చేశాడు. గొంతు మార్చాడు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, ముక్కుతో మాట్లాడాడు.

"డాక్టరుగారేనా అండీ? ఒక చిన్న అనుమానం. మా పక్కింటివాళ్ళ కుక్క... మనుషులు వేసుకునే కీళ్ళనొప్పి మాత్ర తినేసిందట. ఏమన్నా అవుతుందంటారా?"

"ఏ జాతి?"

"అదీ... సన్నగా, పొడుగ్గా ఉంటుందండీ."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది.

"సార్" అంది డాక్టరమ్మ మెల్లగా. "పుల్లకి ఏ మాత్ర వేశారు? ఎన్ని రోజులు వేశారు?"

ఆయన మాత్ర పేరు చెప్పాడు. సగం చొప్పున వారం దాటిందని చెప్పాడు. ఇప్పుడు గొంతు తనదే, అయినా తన చెవులకే పరాయిగా వినిపించింది.

"అది మనకి నొప్పి తగ్గిస్తుంది సార్, కుక్కలకి కడుపులో పుండు పెడుతుంది. మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి. నిన్న చెప్పి ఉంటే నిన్ననే దానికి తగిన మందు మొదలెట్టేదాన్ని." ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే కాస్త బాగుండేది. "ఇప్పుడు కొయ్యక్కర్లేకపోవచ్చు. కానీ కుక్క మీ కోడలిది. ఆవిడకి తెలియాలి. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తానమ్మా."

సాయంత్రం ముగ్గురూ భోజనానికి కూర్చున్నప్పుడు చెప్పాడు. చెప్పాలనుకున్నది ఒకటి, నోట్లోంచి వచ్చింది ఒకటి.

"నా మాత్రల అట్ట ఒకటి కనపడ్డం లేదర్రా. బహుశా మంచం కింద పడితే పుల్ల తిన్నదేమో. డాక్టరమ్మకి ఫోను చేసి చెప్పాను. దానికి మందు మార్చిందట."

కొడుకు చేతిలో ముద్ద ఆగిపోయింది. "అయ్యో! అదా సంగతి!" అని వెంటనే పెళ్ళాం వైపు తిరిగాడు. "ఊడ్చేటప్పుడు మంచం కింద చూసుకోవద్దా నువ్వు? కుక్కున్న ఇంట్లో మాత్రలు దొర్లుతుంటే ఎలా?"

పెద్దాయనకి చెంప పగిలినట్టయింది. తప్పించుకుందామని విసిరిన రాయి మళ్ళీ ఆ పిల్లకే తగిలింది.

కోడలు మామగారి మొహం చూసి, ఆయన బాధపడుతున్నాడనుకుంది. "మీరు అలా అయిపోకండి మావయ్యా. చేజారి పడినదానికి మీ తప్పేముంది? నేనే చూసుకోవాల్సింది" అంది. లేచి ఆయన గ్లాసులో నీళ్ళు పోసింది.

ఆయన ఆ గ్లాసు ముట్టుకోలేదు.

మర్నాడు కోడలికి సెలవు. ఆసుపత్రికి ఫోను చేస్తే, పుల్ల కాసిని నీళ్ళు తాగిందని, వాంతి కాలేదని చెప్పారు. ఆ సంతోషంలో ఆవిడ కొంగు బిగించి చీపురూ టార్చిలైటూ పట్టుకుని మామగారి గదిలోకి వచ్చింది.

"పుల్ల ఇంటికొచ్చేలోపు ఒక్క మాత్ర కూడా మిగలకూడదు మావయ్యా. మీరలా జరిగి కూర్చోండి."

మంచం ఈడ్చింది. బీరువా కింద చీపురు దూర్చి లాగింది. పాత సాక్సు, రెండు గుండీలు, పేపరు ముక్క, పుల్ల వెంట్రుకలు వచ్చాయి. మాత్ర రాలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, తరవాత పూర్తిగా బోర్లా పడుకుని, చెంప నేలకానించి టార్చి వేసి మూలమూలా వెతికింది. మోచేతులకి దుమ్ము అంటుకుంది. "ఇక్కడా లేదు... తిన్నది అట్టతో సహా తినేసిందా ఏంటి ఇది" అని తనలో తను అనుకుంటోంది.

ఆయన కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. చొక్కా జేబులో మాత్రల అట్ట ఉంది. ఆ జేబు మీద చెయ్యి వేసుకుని ఉన్నాడు.

"అమ్మాయ్, లే" అన్నాడు.

"ఇంకో మూల ఉంది మావయ్యా, ఉండండి."

"లేమ్మా. అక్కడేం లేవు. ఏమీ పడలేదు." జేబులోంచి అట్ట తీసి మంచం మీద పెట్టాడు. "నేనే వేశాను. గుడ్డులో పెట్టి, రోజూ. కుంటుతోందని."

కోడలు లేచి కూర్చుంది, అంతే. నిలబడలేదు. టార్చి వెలుగుతూనే ఉంది, దాని వెలుతురు గోడ మీద పడుతోంది. ఆవిడ చాలాసేపు ఆ అట్ట వంకే చూసింది.

"డాక్టరమ్మకి తెలుసా?"

"తెలుసు. నిన్న చెప్పాను."

"నాకంటే ముందు ఆవిడకి." టార్చి ఆర్పింది. "కుక్కకి మాత్ర వేసినందుకు నాకు కోపం లేదు మావయ్యా. దాని మీద ప్రేమతోనే వేసుంటారు. కానీ మొన్న ఆసుపత్రిలో మీ అబ్బాయి పరాయి మనుషుల ముందు నన్ను నిలబెట్టి కడిగేస్తుంటే, మీరక్కడే ఉన్నారు కదా. నిన్న నేను మీకు నీళ్ళు పోస్తుంటే కూడా, మీరక్కడే ఉన్నారు కదా."

ఆయన సిగ్గుగా ఉందమ్మా అని అందామనుకున్నాడు. ఆ మాట కూడా తనకోసం జాలి అడుక్కున్నట్టు ఉంటుందనిపించి ఊరుకున్నాడు.

కోడలు లేచి మోచేతులు దులుపుకుంది. మంచాన్ని మళ్ళీ గోడవైపు నెట్టబోతే ఆయన సాయానికి లేచాడు. "వద్దు, మీ మోకాళ్ళు" అంది, మొహం చూడకుండా. గుమ్మం దగ్గర ఆగి, "మీ అబ్బాయికి మీరే చెప్పండి. నేను చెప్పను" అంది.

కొడుకు సాయంత్రం వచ్చి ఇంకా బూట్లు విప్పుకుంటుండగానే ఆయన చెప్పేశాడు. మళ్ళీ ఆలస్యం చేస్తే మళ్ళీ ఏదో అబద్ధం పుట్టుకొస్తుందని భయం. మొత్తం చెప్పాడు. గొంతు మార్చి ఫోను చేసిన సంగతి కూడా.

కొడుకు ఒక బూటు చేతిలో పట్టుకుని విన్నాడు. ముక్కుతో మాట్లాడిన దగ్గర నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "సర్లే నాన్నా" అన్నాడు. "తెలిసి చేశావా ఏంటి? నొప్పి తగ్గాలనే కదా చేశావు. జరిగిందేదో జరిగింది, వదిలెయ్. టీ తాగావా?"

అంతే. అంత తేలిగ్గా అయిపోయింది. పెద్దాయనకి హాయిగా అనిపించలేదు, మరింత కుంచించుకుపోయాడు.

"ఒరేయ్" అన్నాడు. "ఆ పిల్ల చెయ్యని తప్పుకి అన్నన్ని మాటలన్నావు కదా. చేసినవాణ్ణి నేను. నన్నేమీ అనవేం?"

కొడుకు చేతిలో బూటు కింద పెట్టాడు. వంటింట్లో కుళాయి చప్పుడు ఆగిపోయింది. కోడలు వింటోందని ఇద్దరికీ తెలుసు. కొడుకు చెవులు ఎర్రబడ్డాయి. లేచి వంటింటి వైపు రెండడుగులు వేసి, గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు. "ఏయ్... విన్నావా?" అన్నాడు. లోపలినుంచి, "గిన్నెలు తోమాలి, జరగండి" అన్న మాట వచ్చింది. ఆ రోజు ఆ ఇంట్లో గిన్నెలు తోమింది ఎవరో చూడటానికి పెద్దాయన ఆగలేదు. తన గదిలోకెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

పుల్లను ఇంటికి పంపిన రోజు ఆయన కారులోనే కూర్చుంటానన్నాడు. డాక్టరమ్మ మొహం చూడటానికి మొహం చెల్లలేదు. డాక్టరమ్మే అటెండరుతో కబురుపెట్టి లోపలికి పిలిపించింది. పుల్ల బల్ల మీద నిలబడి ఉంది. కోడలు చెయ్యి దాని వీపు మీద ఉంది.

"ఇలా రండి సార్, ఇది మీరూ చూడాలి" అంటూ డాక్టరమ్మ దాని ముందుకాలు ఎత్తి అరికాలు పైకి తిప్పింది. నల్లటి మెత్తటి చర్మం మధ్యలో కందిగింజంత గట్టి గుండ్రటి మచ్చ. "ఆనెకాయ. ఈ జాతికి ఎక్కువగా వస్తుంది. గట్టి నేల మీద నడిస్తే రాయి గుచ్చుకున్నట్టుంటుంది. గడ్డి మీద నడిచినప్పుడు కుంటేదా?"

"లేదు" అన్నాడు ఆయన. నిజమే, పార్కులో గడ్డి మీద ఎప్పుడూ కుంటలేదు. ఆయన చూశాడు, కానీ ఆలోచించలేదు. కీళ్ళూ లేదు, అరుగుదలా లేదు. ఒక్కసారి వంగి దాని అరికాలు చూసి ఉంటే సరిపోయేది. వంగడానికి మోకాళ్ళు నొప్పి.

"దీన్ని మెల్లగా తొలిచి తీస్తాం. మెత్తటి మేజోడు తొడగండి. ఇక దీనికి నొప్పి మాత్ర అవసరమే లేదు" అంది డాక్టరమ్మ. ఆయన వైపు చూసి అనలేదు. అయినా ఆయన గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు.

మూత్రపిండాలు కొంచెం దెబ్బతిన్నాయి, కొన్నాళ్ళు రక్తపరీక్షలు చేయించాలి, కడుపు పుండుకి మందు వెయ్యాలి. అవన్నీ కోడలే చూసుకుంది. పుల్ల పరుపు ముందుగదిలోంచి వాళ్ళ గదిలోకి మారింది. పొద్దున పనికెళ్ళేముందు కోడలు దాని తిండి కొలిచి గిన్నెలో పెట్టి, "పదకొండింటికి ఇది పెట్టండి మావయ్యా. ఇంకేమీ వద్దు" అని చెప్పి వెళ్ళేది. "ఇంకేమీ వద్దు" అన్న మాట గట్టిగా అనేది కాదు, కానీ ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

వీధిలోవాళ్ళు మాత్రం ఎప్పటిలాగే ఆగేవారు. ఒకావిడ, "మా అత్తగారికి నడుంనొప్పి, మీరు వేసుకునే మాత్ర పేరేదో చెప్పండి" అనడిగింది. ఆయన మొహం పేపర్లో దాచుకుని, "డాక్టరుకి చూపించండమ్మా" అన్నాడు. "అదేంటి సగం డాక్టరుగారూ, మీకు తెలీనిదా?" అని ఆవిడ నవ్వింది. ఆవిడ వెళ్ళగానే ఆయన కుర్చీ గేటు దగ్గర్నుంచి తీసి లోపల వసారాలో వేసుకున్నాడు.

కొన్ని వారాల తరవాత, కోడలికి షాపులో పని ఎక్కువై రోజూకంటే ముందుగా బయల్దేరాల్సి వచ్చింది. రోజూ పదింటికి తనే వేసి వెళ్ళే పుల్ల కడుపు మాత్ర ఇవాళ ఎవరు వెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. కొడుకు ఊళ్ళో లేడు. ఆవిడ చెప్పులేసుకుని, మాత్రల సీసా చేత్తో పట్టుకుని గుమ్మంలో కాసేపు నిలబడింది. తరవాత వెనక్కి వచ్చి ఒకే ఒక్క మాత్ర తీసి చిన్న గిన్నెలో వేసి ఆయన ముందు పెట్టింది. సీసా మాత్రం తన బ్యాగులో వేసుకుంది.

"తిండికి గంట ముందు, మావయ్యా. తిన్నాక కాదు."

"సరేనమ్మా."

చెప్పిన వేళకి వేశాడు. దాని గొంతు నిమిరి, మింగిందో లేదో నోరు తెరిచి చూశాడు. పదిన్నరకి ఫోను మోగింది.

"వేశారా?"

"వేశాను."

"తిండికి ముందేనా?"

"ముందేనమ్మా. ఇంకా తిండి పెట్టలేదు."

"మింగిందా? ఒక్కోసారి బుగ్గలో దాచేస్తుంది."

"నోరు తెరిచి చూశాను. మింగింది."

అవతల అద్దాలు అరగదీసే మెషీను చప్పుడు వినిపించింది. ఆవిడ నమ్మిందో, నమ్మాలని చూస్తోందో చెప్పలేం. ఇదివరకైతే ఆయనకి రోషం వచ్చేది, నన్ను ఇన్నిసార్లు అడుగుతావా అనేవాడు. ఇప్పుడు అడిగినందుకు తల వంచుకుని, అడిగినన్నింటికీ జవాబు చెప్పాడు.

"సాయంత్రం త్వరగా వస్తాను" అంది కోడలు. "అందాకా దాన్ని ఎండలో తిప్పకండి."

"తిప్పను" అన్నాడు. ఫోను పెట్టేసి, మాత్ర వేసి గంట అయ్యేదాకా గడియారం వైపు చూస్తూ కూర్చున్నాడు.